అడుగున రాసిన మైనం

ఫిబ్రవరి 9, 1963, శనివారం

ఈ పుస్తకం మా చెల్లి డ్రాయర్లోంచి కొట్టేశాను. మొదటి రెండు పేజీల్లో ఏదో గుర్రం గురించి రాసుకుంది. చించి పారేశాను. ఇవాళ్టి సంగతి ఎక్కడో ఒకచోట పెట్టకపోతే నిద్ర పట్టేలా లేదు.

మా బ్యాండు పెలికన్స్ రికార్డు చేస్తోంది. చిన్నది కాదు, రెండువైపులా కలిపి పన్నెండు పాటలుండే పెద్ద రికార్డు. మాటల్లేని పాటలే అన్నీ. గిటార్ నాది, డ్రమ్స్ రూడీ ఓచోవా, బేస్ కెంజీ హమానో. మధ్యాహ్నం చర్చి హాల్లో డాన్సుకి వాయించి సామాను సర్దుకుంటుంటే, బట్టతల పెద్దమనిషి ఒకాయన వచ్చి కార్డిచ్చాడు. పేరు స్ట్రౌడ్. లాంగ్ బీచ్‌లో టైర్ల షాపు వెనక ఆయనకో స్టూడియో ఉందట. పన్నెండు పాటలున్నాయా అన్నాడు. ఉన్నాయన్నాను. ఏడున్నాయి.

మీరంతా సర్ఫింగ్ చేస్తారా అని కూడా అడిగాడు, ఇలాంటి పాటలు కొనేది సర్ఫర్లేనట. కెంజీ వెంటనే చెయ్యనన్నాడు. వాడికి అబద్ధమాడాలన్న ఆలోచన కూడా రాదు. రూడీ డ్రమ్ములు వ్యాన్ ఎక్కిస్తున్నాడు, అక్కడ లేడు. స్ట్రౌడ్ గారు నావైపు చూశాడు. "రోజూ, తెల్లవారుజామునే" అన్నాను. నోరు దానంతటదే అనేసింది.

రెండేళ్ళుగా రూడీ తనతో అలల మీదికి రమ్మని పోరుతూనే ఉన్నాడు. చేపల్ని డబ్బాల్లో నింపే క్యానరీలో పొద్దుటి షిఫ్టు అని తప్పించుకుంటున్నాను. షిఫ్టు నిజమే.

ఫిబ్రవరి 11

నాకు నీళ్ళంటే భయం లేదు. తీరిక లేదు, అంతే.

ఫిబ్రవరి 16, శనివారం

రోజంతా స్టూడియోలోనే. స్టూడియో అంటే కోడిగుడ్ల అట్టలు గోడలకి అంటించిన షెడ్డు. పక్కన టైర్లకి గాలికొట్టే మిషను ఎప్పుడు మొదలవుతుందో తెలీదు. పాట సగంలో ఉండగా గుర్రుమంటుంది, మళ్ళీ మొదటికి. చివరికి స్ట్రౌడ్ గారు డోనట్ల పెట్టె కొని షాపువాడికిచ్చి, అవి తిన్నంతసేపూ గాలి కొట్టకని బతిమాలాడు. వాడు మహా నెమ్మదిగా తిన్నాడు, పుణ్యాత్ముడు. ఆ డోనట్ల పుణ్యమా అని నాలుగు పాటలు పూర్తయ్యాయి.

నా కుడిచెయ్యి చూసి స్ట్రౌడ్ గారు ఇదెక్కడ నేర్చుకున్నావన్నాడు. ఒకే తీగని కిందికీ పైకీ ఆగకుండా మీటడం. ఇది మా నాన్న తంబురిత్సా అనే తీగల వాద్యం మీద నేర్చుకున్నది. మా పాత దేశం వాళ్ళ పెళ్ళిళ్ళలో ముసలాళ్ళందరూ అలాగే వాయిస్తారు. నాకు ఆరేళ్ళప్పుడు నాన్న తన వేళ్ళ మధ్య నా వేళ్ళు పెట్టించి నేర్పాడు. ఇప్పుడు ఆ వాద్యం వంటింటి గోడకి మేకు మీద ఉంది. పన్నెండేళ్ళుగా అక్కడే ఉంది.

'పొగమంచు' అన్న పాట దగ్గర చిన్న గొడవ. గిటార్ చప్పుడు స్ప్రింగుల పెట్టెలోంచి వెళ్ళి తడిసినట్టు బయటికొస్తుంది కదా, ఆ పెట్టెని కాలితో తంతే ఉరిమినట్టుంటుంది. అందరూ చివర్లో తంతారు, జనాన్ని బెదరగొట్టడానికి. నేను మొదట్లోనే తంతాను. రెండు దెబ్బలు, వెంటవెంటనే. తర్వాత పొడుగ్గా ఒక గుబగుబ. అది పూర్తిగా ఆగాకే గిటార్. స్ట్రౌడ్ గారు ఆ దెబ్బలు తీసేయమన్నాడు, సూటిగా గిటార్‌తో మొదలెట్టమన్నాడు. నేను కుదరదన్నాను. పెద్దాళ్ళకి ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు. కెంజీ నావైపు వింతగా చూశాడు.

"సరేలే అబ్బాయ్, అల విరిగినట్టే ఉంది. ఉంచుదాం" అన్నాడు స్ట్రౌడ్ గారు.

అవును, అలే అన్నాను. అలే.

ఫిబ్రవరి 17

మిగతా పాటలూ అయిపోయాయి. పదకొండు తేలాయి, పన్నెండోది లేదు. చివరికి మా నానమ్మ ఊళ్ళో చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఆడే కోలో పాటని మూడింతలు వేగంగా వాయించి దానికి 'ఎండలో పరుగు' అని పేరు పెట్టాం. రూడీ నవ్వాపుకోలేక ఒక కర్ర కింద పడేశాడు. ఆ చప్పుడు కూడా రికార్డులో ఉంది.

మార్చి 2, శనివారం

అట్ట మీదికి ఫొటో. రాయల్ పామ్స్ బీచ్‌లో మబ్బు, చలి. బోర్డులు మూడూ రూడీ తెచ్చినవే, ఒకటి తనది, రెండు వాళ్ళ కజిన్లవి. ఫొటోగ్రాఫర్ ఇంకా రాలేదని, తన బోర్డు నాకిచ్చి, రూడీ కజిన్ బోర్డుతో రెండు అలలెక్కొస్తానని నీళ్ళలోకి పోయాడు. నా చేతిలో రూడీ బోర్డు కొత్తగా, తళతళా మెరుస్తోంది. రోజూ వాడినట్టు కనబడాలి కదా. అమ్మ జామ్ సీసాల మూతల మీద పోసే మైనం ఒక కడ్డీ జేబులో వేసుకొచ్చాను. సర్ఫర్లు అదే రాస్తారని ఎవరో చెప్పగా విన్నాను. బాగా పట్టించి రాశాను, ఇసుక కూడా కాస్త అంటింది. సహజంగా వచ్చింది.

రూడీ తడిసి ముద్దై, వణుకుతూ వచ్చి, తల తుడుచుకుంటూనే వరసలో నిలబడ్డాడు. నాలుగు ఫొటోలు తీసుకుని అందరం వ్యాన్‌లోకి దూరాం. ఒడ్డు దాటి నేను ఒక్క అడుగు కూడా ముందుకెయ్యలేదు, ఎవరూ గమనించలేదు. బాగానే జరిగింది.

మార్చి 20

బాగానే జరిగింది.

ఏప్రిల్ 6, శనివారం

అట్టలొచ్చాయి. స్ట్రౌడ్ గారి బల్ల మీద కట్టలు కట్టలు. రంగులు బాగున్నాయి. వెనకవైపు ఆయన రాసిన నాలుగు ముక్కలూ చదివాను: గిటారిస్టు మార్టీ జువిచ్ రోజూ సూర్యుడికంటే ముందే సముద్రంలో ఉంటాడట, ఆ అలలే వేళ్ళల్లోంచి పలుకుతాయట. చదువుతుంటే చెవులు కాలిపోయాయి.

రూడీ ముందువైపే చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. ముందు నవ్వొచ్చినట్టుంది, తర్వాత ఆ నవ్వు మాయమైంది.

"నా బోర్డుకి అడుగున మైనం ఎవడ్రా రాసింది?" అన్నాడు.

అడుగున ఏంటి అన్నాను.

"ఒరేయ్ మార్టీ. మైనం కాళ్ళు జారకుండా పైన రాస్తారు. నిలబడే వైపు. నువ్వు నీళ్ళ వైపు రాశావ్. చూడు, ఆ రెక్క పక్కనే ఎలా కనిపిస్తోందో, ఇసుకతో సహా. పడవ అడుక్కి జిగురు రాసినట్టు."

అప్పుడు నా మొహంలోకి చూశాడు. వాడికి అర్థమైపోయింది. రెండేళ్ళ షిఫ్టులన్నీ కలిపి ఒక్కసారే అర్థమయ్యాయి. కెంజీ కిటికీలోంచి టైర్ల షాపు చూస్తున్నాడు, అదేదో చూడాల్సిన వింత అన్నట్టు.

తిట్టినా బాగుండేది. రూడీ గొంతు తగ్గించాడు. "ఇరవయ్యో తారీకు రెడోండో హాల్లో వాయిస్తున్నాం కదా. ఆ హాలంతా సర్ఫర్లే. చిన్నప్పట్నుంచీ నేను వాళ్ళ మధ్యే నీళ్ళల్లో ఉన్నాను. కారు మీద బోర్డు కట్టుకు తిరిగి కాలు తడుపుకోని వాణ్ణి వాళ్ళేమంటారో తెలుసుగా. హోడాడ్. ఇకమీదట మన ముగ్గురి పేరూ అదే. నీ ఒక్కడిదీ కాదు."

క్షమించమని అడగాలి. బస్సొస్తోందని చెప్పి వచ్చేశాను.

ఏప్రిల్ 8

ఎవరూ అంత పట్టి చూడరు.

ఏప్రిల్ 10

రేడియోలో 'పొగమంచు' వేశారు. క్యానరీలో డబ్బాలకి లేబుళ్ళు అంటించే ఆడవాళ్ళు చేతులాపి నాకోసం చప్పట్లు కొట్టారు. సూపర్‌వైజర్ కూడా ఏమీ అనలేదు. నేను బయటికి వచ్చేశాను. చేపల వాసన వల్ల.

ఏప్రిల్ 13

సిక్స్త్ స్ట్రీట్‌లో రికార్డుల షాపుకెళ్ళాను. అద్దం వెనక మావే ఆరు. ఓనరు లోపలికెళ్ళగానే ఆరింటినీ వెనక్కి తిప్పి పెట్టాను. బయటికొచ్చి చూస్తే వెనకవైపు స్ట్రౌడ్ గారి రాత ఎదురుగా ఉంది, సూర్యుడికంటే ముందే అని. ముందు మైనం, వెనక అబద్ధం. మళ్ళీ లోపలికెళ్ళి ముందుకి తిప్పాను. ఓనరు నన్ను గుర్తుపట్టి, తన రికార్డులు తనే సర్దుకుంటున్నాడు పాపం అనుకుని ఒక కోక్ ఇచ్చాడు.

ఏప్రిల్ 14, ఈస్టర్

నాన్న ఇంకా పరాయివాళ్ళ పడవ మీద మెక్సికో వైపే ఉన్నాడు, చేపలు దొరకడం లేదట. అమ్మ ఆయన కుర్చీకి ఎదురుగా ప్లేటు పెట్టి, తీసేసింది. రూడీ ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

ఏప్రిల్ 17

రిహార్సల్. రూడీ పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు కెంజీ వెనకబడి, బేస్ భుజానికి తగిలించుకుంటూ, తనకి ఎప్పుడూ సర్ఫింగ్ రాదని, ఎవరూ తనని ఏమీ అనలేదని చెప్పాడు. ఎందుకంటే వాళ్ళకి ముందే చెప్పాడట. "అదేం పెద్ద పని కాదు. నోరు తెరవాలి, అంతే" అన్నాడు.

జ్వరం అని చెప్పి శనివారం ఎగ్గొడితే ఎలా ఉంటుంది?

ఏప్రిల్ 19

జ్వరం రాలేదు.

ఏప్రిల్ 21, ఆదివారం

చెయ్యి నొప్పెడుతోంది, అయినా మొత్తం రాస్తాను.

నిన్న సాయంత్రం ఆరింటికే హాలు నిండింది. మేం స్టేజీ ఎక్కేసరికి, నేను నిలబడే చోట మైనం కడ్డీలు ఒక గుట్టగా పేర్చి ఉన్నాయి. జామ్ సీసాల మైనమే. పాతిక ముప్ఫై ఉంటాయి. కింద మొదటి వరసలో గిల్ ట్రేనర్ చేతులు కట్టుకు నిలబడ్డాడు. ముప్ఫై దాటినవాడు, ముందుపన్ను లేదు. రూడీకి బోర్డు మీద నిలబడడం నేర్పింది అతనే. వాళ్ళ క్లబ్బు వాళ్ళంతా అతని వెనకే. ఎవరో "ఇదిగో మార్టీ, అడుక్కి రాసుకో" అన్నారు. హాలంతా నవ్వింది. రూడీ తల దించుకుని డ్రమ్ము మర బిగిస్తున్నాడు. అది బిగిసే ఉంది.

పరుగెత్తి పారిపోయే దారికోసం చూశాను. తలుపు దగ్గర కూడా జనమే.

మైకు దగ్గరికెళ్ళాను. ఏం చెప్పాలో అనుకోలేదు. బోర్డు రూడీది, మైనం రాసింది నేను, రూడీ నీళ్ళల్లో ఉన్నప్పుడు రాశాను, వాడికి తెలీదు అన్నాను. అట్ట వెనక రాసింది కూడా అబద్ధమే, ఆ అబద్ధం చెప్పింది నేనే అన్నాను. నవ్వు తగ్గింది. ఇంకొకటి మిగిలింది.

"నాకు ఈత రాదు" అన్నాను. "మాది చేపల వేటోళ్ళ కుటుంబం. నేను ఇంతవరకు సముద్రంలో దిగలేదు. భయం."

అనేశాను. ఇంకేం చెయ్యాలో తెలీక, స్ప్రింగుల పెట్టెని రెండుసార్లు తన్నాను.

గుబగుబ ఆగేదాకా హాల్లో ఎవరూ కదల్లేదు. తర్వాత గిటార్ అందుకున్నాను. పాట నాలుగో వరస దగ్గర రూడీ డ్రమ్ము వచ్చి కలిసింది, రావాల్సిన దానికంటే గట్టిగా. కింద జనం కాళ్ళతో నేల దంచే డాన్సు మొదలెట్టారు. ఎడమకాలు రెండు, కుడికాలు రెండు. నేల ఊగిపోయింది, మైనం గుట్ట కూలి కడ్డీలు జనం మధ్యకి దొర్లిపోయాయి. ఆ పాట మూడుసార్లు వాయించాం. కోలో పాటకి కూడా దంచారు. నానమ్మ చూస్తే గుండాగిపోయేది.

అయిపోయాక గిల్ ట్రేనర్ స్టేజీ అంచుకి వచ్చాడు. వెక్కిరిస్తాడనుకున్నాను.

"ఎంతసేపున్నావ్ కింద?" అని అడిగాడు.

ఎక్కడ కింద అన్నాను.

"పెద్ద అల నెత్తిన పడితే కిందకి తొక్కేస్తుంది. పైకి ఎటో తెలీదు. అప్పుడు వినబడేది నువ్వు వాయించావు. మా వాళ్ళకి బోర్డెక్కడమే వచ్చు, అది వాయించడం రాదు. ఒడ్డున కూర్చున్నవాడు కట్టిన పాట కాదయ్యా ఇది."

నేను పడవలో ఉన్నాను అన్నాను. అంతే అన్నాను. అతను ఇంకేమీ అడక్కుండా, రికార్డు అట్ట మీద సంతకం పెట్టించుకున్నాడు. ఫొటోలో మైనం కనబడే చోటే పెట్టమన్నాడు.

వ్యాన్ రూడీయే నడిపాడు. మా ఇంటి ముందు ఆపి, "రెండేళ్ళు నాకు చెప్పలేదేంట్రా వెధవా" అన్నాడు. అది తిట్టు కాదు. ఇంట్లోకొచ్చి, బూట్లు కూడా విప్పకుండా పడుకుని, పొద్దున పదింటికి లేచాను. ఎన్నాళ్ళయిందో అలా నిద్రపోయి.

ఏప్రిల్ 22

పడవలో ఉన్నాను అన్నాను కదా. అదొకటి మిగిలింది.

1951, అక్టోబరు. నాకు ఎనిమిదేళ్ళు. నాన్న సొంత పడవ. బడి మాన్పించి నన్నూ తీసుకెళ్ళారు. లూకా బాబాయి, అంటే నాన్న తమ్ముడు, తన స్వెటర్ నాకు తొడిగి ముందువైపు బంక్‌లో పడుకోబెట్టాడు. తెల్లవారేసరికి దట్టంగా పొగమంచు. నాకు మెలకువొచ్చింది. తల పక్కన పడవ గోడకి రెండు దెబ్బలు వినబడ్డాయి, వెంటవెంటనే. తర్వాత పొడుగ్గా గుబగుబ. తర్వాత ఏమీ లేదు.

అల అనుకున్నాను. అనుకుని దుప్పటి తల మీదికి లాక్కున్నాను. మళ్ళీ లేచేసరికి బాబాయి లేడు, నీళ్ళల్లో పడిపోయాడన్నారు, ఇక దొరకలేదు.

బయటనుంచి పడవని కొట్టింది బాబాయే. ఎవరినైనా లేపమని కొట్టాడు. నేను విన్నాను, లేపలేదు. ఎవరికీ చెప్పలేదు. నాన్న ఆ ఏడాదే పడవ అమ్మేశాడు, తంబురిత్సా మేక్కి తగిలించాడు.

అలే అని ఎన్నిసార్లు రాస్తే మాత్రం అలవుతుంది?

మే 4, శనివారం

నాన్న వచ్చాడు. గడ్డం పెరిగి, బాగా నల్లబడ్డాడు. సూప్ తాగుతూ, శాన్ డియేగో దాటాక పడవ నడిపే గదిలో రేడియో మీద నా పాట విన్నానన్నాడు. అమ్మ సంబరంగా ఎలా ఉందంది. ఆయన రొట్టె తుంచి, ప్లేటు పక్కన పెట్టాడు.

"మొదట్లో ఆ రెండు దెబ్బలు. నువ్వెక్కడ విన్నావవి?" అన్నాడు నాతో.

కెంజీ చెప్పింది గుర్తొచ్చింది. నోరు తెరిచాను.

"ముందు బంక్‌లో. ఆ రోజు. నాకు మెలకువొచ్చింది నాన్నా. బాబాయి పడవని కొడుతుంటే విన్నాను. అల అనుకుని పడుకున్నాను."

అమ్మ స్టవ్ ఆపేసింది. నాన్న కుర్చీ వెనక్కి జరిపాడు. ఆయన కొడతాడేమో, కొడితే బాగుండు అనిపించింది.

"కొట్టింది లూకా కాదు" అన్నాడు. "నేను. పక్కన వేలాడే చిన్న పడవని కట్టిన కొక్కెం తుప్పు పట్టి ఊడిరాలేదు. సుత్తితో రెండు దెబ్బలు కొట్టాను. అది ఊడి, చిన్న పడవ పెద్ద పడవ గోడని రాసుకుంటూ నీళ్ళల్లో పడింది. నువ్వు విన్న గుబగుబ అదే. వాణ్ణి వెతకడానికి దింపాను."

నేను చెంచా కింద పెట్టాను.

"వాడు పడి అప్పటికే పావుగంట. పడడం ఎవరూ చూడలేదు. అందరం పైనే ఉన్నాం, అరుస్తూనే ఉన్నాం, మంచులో గొంతు ఎటూ పోలేదు. నువ్వు లేచి ఎవర్ని లేపుతావురా? పడవలో నిద్రపోతోంది నువ్వొక్కడివే." రొట్టె ముక్క చేతిలోకి తీసుకున్నాడు. "వీడైనా నిద్రపోతున్నాడు, వీడికి ఇదేం తెలీదు అనుకున్నాను. పన్నెండేళ్ళూ అదే అనుకున్నాను."

ఏడ్చాను. ఇరవయ్యేళ్ళ వాణ్ణి, సూప్ ప్లేటు ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఛాతీ మీదనుంచి ఎవరో లేచి వెళ్ళిపోయినట్టు అంత తేలికైంది. చెల్లి భయపడి తనూ ఏడ్చింది. నాన్న లేచి, ఆ చేపల వాసనేసే చెయ్యి నా మెడ మీద వేసి, అలాగే నిలబడ్డాడు.

తర్వాత రికార్డు పెట్టమన్నాడు. అన్నీ విన్నాడు. కోలో దగ్గర మొహం చిట్లించి, రెండో భాగంలో తప్పు వాయించావన్నాడు. నేను కాదన్నాను. ఆయన కుర్చీ లాక్కుని, ఎక్కి, గోడ మీది తంబురిత్సా దించాడు. తీగలు రెండు తెగిపోయి ఉన్నాయి. మిగిలిన రెంటి మీదే వాయించి చూపించాడు. నేనే తప్పు.

మే 12, ఆదివారం

నాకు నీళ్ళంటే భయం. తీరిక ఉంది.

పొద్దున ఏడింటికి రూడీ, నేను రాయల్ పామ్స్ వెళ్ళాం. కెంజీ తను రాననీ, ఒడ్డున కూర్చుని శాండ్‌విచ్ తింటాననీ ముందే చెప్పి వచ్చాడు. బోర్డుకి మైనం నేనే రాశాను, పైన. రూడీ పక్కనే నిలబడి చూశాడు. నీళ్ళు మంచులా ఉన్నాయి. మోకాళ్ళ దాకా వెళ్ళి, ఒక అల వచ్చి తగిలేదాకా నిలబడ్డాను. తగిలింది. ఏ చప్పుడూ లేదు, అల చప్పుడు తప్ప.

వచ్చే ఆదివారం నడుం దాకా అంటున్నాడు రూడీ. చూద్దాం అన్నాను. చెల్లి పుస్తకం చెల్లికి ఇచ్చేయాలి, గుర్రం సంగతి అడుగుతోంది.